పట్టా లేని పొలం
గోండు వీరుడు కొమురం భీము జీవితం

ఆత్రేయపురం సీమలో బొబ్బర్లంక వద్ద గోదావరి నీరు తూములు దాటి మధ్యడెల్టా కాలువలోకి దిగుతుంది. లొల్ల లాకుల మీదుగా సాగి కోనసీమ వరిచేలను తడుపుతుంది. ఆ నీటిలో ఎన్ని కొండల వాన కలిసి వచ్చినదో గట్టున నిలిచి మడవ వేసే రైతు లెక్కపెట్టడు. త్ర్యంబకం మొదలు ధవళేశ్వరం దాకా ఎన్నో సీమల జలం అందులో ఉన్నది. ఆ సీమలలో ఒకటి ఉత్తర తెలంగాణంలోని ఆసిఫాబాదు అడవి. అక్కడ కురిసిన వాన పెద్దవాగులో పడుతుంది. పెద్దవాగు ప్రాణహితలో కలుస్తుంది. ప్రాణహిత కాళేశ్వరం వద్ద గోదావరిని చేరుతుంది. ఆ మీద భద్రాచలం, పాపికొండలు దాటి ఆ వాననీరు ఆనకట్టకు వస్తుంది. పెద్దవాగు మీద ఆడ గ్రామం వద్ద నిర్మించిన జలాశయానికి కొమురం భీము పేరు పెట్టినారు. 2016లో ఆ అడవిసీమను ప్రత్యేక జిల్లా చేసినప్పుడు దానికీ ఆ పేరే పెట్టినారు.

ఆ పేరుగల మనిషి రాజు కాడు, జమీందారు కాడు. దున్నుకొని బ్రతికే ఒక గోండు ఇంటి బిడ్డ. అతని కథ నేడు యుద్ధగాథగా ప్రసిద్ధి పొందినది. తుపాకులు, విల్లంబులు, కొండదారుల మాటు ఇవన్నీ ఆ కథలో నిజంగానే ఉన్నవి. కాని అది మొదలైనది యుద్ధంతో కాదు. ఒక కుటుంబం, ఒక పొలం, ఆ పొలం ఎవరిదన్న తగవు, అంతే.

గోదావరి ఒడ్డున పుట్టినవారికి భూమి తగవు కొత్త విషయం కాదు. ఏరు ఒక గట్టును కోసివేసి మరొకచోట మేట వేసినప్పుడు, పైకి తేలిన లంక ఎవరిదన్న ప్రశ్న పుడుతుంది. కొలతలు వస్తవి, సాక్షులు వస్తారు, కరణం లెక్కలు బయటికి తీస్తారు, వ్యాజ్యం ఏండ్ల తరబడి సాగుతుంది. అయితే ఆ తగవులో ఇరుపక్షాల వారికీ కాగితం విలువ తెలుసు. ఆసిఫాబాదు అడవిలో జరిగిన తగవులో అది ఒక పక్షానికే తెలుసు. భీము జీవితంలోని కష్టమంతా ఆ భేదంలో నుండి పుట్టినదే.

గోండుల సేద్యం, సర్కారు లెక్క

గోండులు ఒకప్పుడు ఏలినవారు. చాందా కేంద్రంగా వారి రాజ్యం శతాబ్దాల పాటు నిలిచినది. 1751లో చాందా మరాఠాల వశమైన తరువాత దక్షిణభాగం క్రమంగా నైజాము ఏలుబడిలోకి వచ్చినది. రాజ్యం పోయినా, అడవిలోని గోండు పెద్దలు మొకాశీలనే పేరుతో తమ తమ సీమలపై పెత్తనం చేస్తూ వచ్చినారు. ఏ గ్రామం ఎక్కడ ఉండవలెనో, ఎవరు ఎక్కడ అడవి కొట్టి సేద్యం చేయవలెనో నిర్ణయించేది వారే. భూమికి కరువు లేదు. దున్నేవాడు ఉన్నచోటనే పొలం.

గోండులందరూ కొండవాలున అడవి కాల్చి విత్తనం చల్లే పోడు సేద్యగాండ్రని మైదాన ప్రాంతాల వారు తలుస్తారు. అది పొరపాటు. పోడు ప్రధానంగా కొలాములది. గోండులు ఎద్దులు పూని నాగలి కట్టే రైతులు. కాని వారి నాగలి ఏటేటా ఒకే మడి తొక్కదు. తేలిక నేలలు కొన్ని పంటలతోనే అలసిపోతవి. అందుచేత కొన్నేండ్లు దున్ని, దానిని బీడు విడిచి, ప్రక్క చెలక దున్నుతారు. బీడు కోలుకొన్న తరువాత మళ్ళీ దానికి వస్తారు. బీడుగా ఉన్నదీ వారిదే, దున్నుతున్నదీ వారిదే. ఊరివారందరికీ ఆ సంగతి తెలుసు గనుక ఎవరూ దానిని వ్రాసిపెట్టుకోలేదు.

మొదటి సాలారుజంగు దివానుగా ఉన్న కాలంలో, 1865లో, నైజాము రాజ్యంలో జిల్లాల ఏర్పాటు జరిగినది. శిస్తు పద్ధతి మారినది. భూమిని కొలిచి, నెంబరు వేసి, ఎవని పేర పట్టా ఉన్నదో వానికే హక్కు అనే లెక్క క్రమంగా అడవిలోకి కూడా వచ్చినది. సర్వే వారు వచ్చిన నాడు దున్ని ఉన్న నేల సేద్యభూమిగా కనిపించినది. కోలుకోవటానికి విడిచిన బీడు సర్కారు భూమిగా దాఖలైనది. గోండులలో చాలామంది పట్టా లేకుండానే ఏటా శిస్తు కట్టి దున్నుకొనే పద్ధతిలో ఉండేవారు. శిస్తు చెల్లించినంత మాత్రాన హక్కు స్థిరపడినట్లు కాదన్న సంగతి వారికి చెప్పినవాడు లేడు. లెక్కలన్నీ ఉర్దూలో ఉండేవి. గోండుల భాష గోండి.

దీనికి తోడు జంగ్లాతు శాఖ వచ్చినది. అడవిలో పెద్దభాగాన్ని సర్కారు అడవిగా హద్దులు నాటి, అందులోని ఊళ్ళను ఖాళీ చేయించటం ఆరంభమైనది. పశువులను మేపితే సుంకం. వంటచెరకు తెచ్చుకొంటే సుంకం. సుంకం పైన చౌకీదారుకు వేరే ముడుపు. మరొకవంక బయటి సేద్యగాండ్రు, వడ్డీవ్యాపారులు వచ్చి నల్లరేగడి నేలలకు ఆశపడినారు. 1929 నాటికి కాజీపేట, బల్లార్షా నడుమ రైలుదారి పూర్తి కావటంతో ఆ రాక మరీ పెరిగినది. వచ్చినవారికి పట్వారీతో మాట్లాడటం తెలుసు, దరఖాస్తు వ్రాయించటం తెలుసు. గోండు దున్నుతున్న నేల వారి పేర పట్టా కావటానికి ఎంతో కాలం పట్టలేదు.

సంకెపల్లి నుండి సుర్దాపూరుకు

ఇటువంటి కాలంలో, 1901లో, ఆసిఫాబాదు సమీపాన సంకెపల్లి గూడెంలో భీము పుట్టినాడు. కొమురం అనేది ఇంటిపేరు. గోండి ఉచ్చారణలో కుమ్ర. తండ్రి పేరు చిన్ను. బాల్యంలో భీము చూచినది అడవి పిల్లలందరూ చూచేదే: దండారి ఆటలు, పర్ధానులు కిక్రీ వాయించి పాడే పూర్వుల గాథలు, పుష్యమాసపు అమావాస్యకు కెస్లాపూరు నాగోబా జాతర. వాటితో పాటు చూచినది చౌకీదారు బెత్తం. అడవిలో కట్టె కొట్టినందుకు, పశువులను తోలినందుకు పెద్దలు దెబ్బలు తినటం, జరిమానా కట్టటం అతని కన్నుల ఎదుట జరిగినవి. భీము పదునైదేండ్ల వయసులో ఉండగా తండ్రి పోయినాడు. జంగ్లాతు వారితో ఘర్షణలోనే చిన్ను ప్రాణం పోయినదని గోండులు చెప్పుకొంటారు.

పెద్దదిక్కు పోయిన ఇల్లు సంకెపల్లిలో నిలువలేకపోయినది. అన్నదమ్ములు, బంధువులు కలిసి సుర్దాపూరుకు తరలి, అక్కడ అడవి కొట్టి నేల చదును చేసినారు. ఒక చెలకను సేద్యానికి తేవటమంటే ఏమిటో దున్నేవారికి తెలుసు. చెట్టు పడవేయాలి, మొద్దు పెరకాలి, రాయి ఏరి గట్టు వేయాలి, అడవిపందుల నుండి పైరును రాత్రింబవళ్ళు కాయాలి. అన్నీ చేసి పంట తీసినారు. పంట నూర్పిడికి వచ్చిన వేళ సిద్దిఖు అనే వ్యక్తి మనుషులను వెంటబెట్టుకొని వచ్చి, ఆ భూమి తన పేర పట్టా అయి ఉన్నదని, పంట తనదని చెప్పినాడు.

అప్పుడు ఆ పొలంలో రెండు సాక్ష్యాలు ఎదురెదురుగా నిలిచినవి. ఒకవైపు కొట్టివేసిన చెట్ల మొదళ్ళు, ఏరి పోసిన రాళ్ళ కుప్పలు, నాగటి చాళ్ళు, ఇంటిల్లిపాది అరచేతుల కాయలు. మరొకవైపు ఉర్దూలో వ్రాసిన ఒక కాగితం. భీము ఇంటివారిలో ఆ కాగితాన్ని చదవగలిగినవాడు ఒక్కడు లేడు. అది నిజమా, కల్పితమా, ఆ పొలానిదేనా, వేరొక నెంబరుదా అని అడగటానికైనా మొదట చదవటం రావాలి గదా! మాటామాటా పెరిగినది. కొట్లాటలో భీము కొట్టిన దెబ్బకు సిద్దిఖు చనిపోయినాడు. ఇది 1920 ప్రాంతపు మాట. భీముకు ఇరవై ఏండ్లు ఇంకా నిండలేదు.

ఈ ఘటనను కేవలం శౌర్యంగా వర్ణించేవారున్నారు. ఒక మనిషి ప్రాణం పోయినదన్న సంగతి దాని వలన మరుగున పడకూడదు. భీము కుటుంబానికి ఆనాడు దక్కినది విజయం కాదు. పంటా దక్కలేదు, పొలమూ దక్కలేదు, ఎదిగిన కొడుకూ ఇంట మిగలలేదు. భీము ఆ రాత్రే అడవి పట్టినాడు. మిగిలినవారు చెట్టుకొకరు పుట్టకొకరు అయినారు. చదవరాని ఒక్క కాగితం ఆ ఇంటిని ఇంతగా చెదరగొట్టినది.

చాందా, అస్సాం

అడవి దాటి భీము చాందాకు చేరినాడు. అది తన పూర్వుల రాజధాని. అప్పటికి ఇంగ్లీషువారి ఏలుబడిలోని పట్టణం. అక్కడ విఠోబా అనే అతను ముద్రణాలయం నడిపేవాడట. ప్రభుత్వానికి వ్యతిరేకమైన పత్రికలను అచ్చువేసి రైలులో పంపేవాడని చెప్పుతారు. భీము అతని వద్ద పనికి కుదిరి అక్షరాలు నేర్చినాడు. హిందీ, ఉర్దూ, కొంత ఇంగ్లీషు చదవటం అలవడినది. పొలం పోయిన తరువాత ఆ పొలాన్ని పోగొట్టిన భాష అతనికి చదువ వచ్చినది. పోలీసులు విఠోబాను పట్టుకొనటంతో ఆ ఆశ్రయం పోయి, భీము మిత్రునితో కలిసి అస్సాం తేయాకు తోటలకు పోయినాడు.

ఆ కాలంలో తెలుగుదేశపు ఉత్తర జిల్లాల నుండి కూడా వేలమంది ఆ తోటలకు పోయినారు. తోట కూలికి మొదట బయానా ఇచ్చి, ఒప్పందం మీద వ్రేలిముద్ర వేయించుకొనేవారు. ఆ ఒప్పందం విడిచి పారిపోవటం శిక్షార్హమైన నేరం. ఆ చట్టం 1926లోగాని రద్దు కాలేదు. వ్రేలిముద్ర వేసిన కాగితం మనిషిని ఎట్లా కట్టివేస్తుందో భీము అక్కడ మరొకసారి చూచినాడు. కూలీలు కూడి తమ బాధలు చెప్పుకొంటే యజమానులు బెదరటం కూడా అక్కడే చూచినాడు. నాలుగైదేండ్లు తోటలో పని చేసి, కూలీల కలతలలో పాల్గొని చెరలో పడి, దాని నుండి తప్పించుకొని, గూడ్సు బండి ఎక్కి బల్లార్షా చేరినాడని అతని కథ చెప్పేవారు వర్ణిస్తారు.

ఇదే కాలంలో, 1922 నుండి 1924 వరకు, గోదావరి మన్యంలో అల్లూరి సీతారామరాజు పితూరీ నడిచినది. అక్కడ మూలకారణాలు అడవి చట్టాలు, ముఠాదారుల హక్కుల హరణం, గిరిజనుల చేత చేయించిన వెట్టి. ఇంగ్లీషువారి మన్యంలోనూ, నైజాము అడవిలోనూ ఏలేవారు వేరు, బాధ ఒక్కటే. సీతారామరాజు, భీము ఎన్నడూ కలుసుకోలేదు.

కాకన్‌ఘాటు నుండి బాబెఝరికి

తిరిగి వచ్చిన భీము తనవారు తలదాచుకొన్న కాకన్‌ఘాటులో లచ్చు పటేలు అనే గోండు పెద్ద వద్ద పనిచేసినాడు. సోంబాయిని పెండ్లాడినాడు. లచ్చు పటేలు భూమికి సంబంధించిన వ్యాజ్యం ఒకటి ఆసిఫాబాదు కచ్చేరిలో నడుస్తుండగా, భీము దానికి తోడుగా తిరిగి, కాగితాలు చదివి, అధికారులతో మాట్లాడి అది చక్కబడేటట్లు చేసినాడట. దానితో చుట్టుప్రక్కల గూడేలలో అతని పేరు వినవచ్చినది. కచ్చేరి మెట్లు ఎక్కి ఉర్దూలో మాట్లాడగలిగిన గోండు వారికి అతడొక్కడే.

అప్పటికి అతనికి రెండు దారులు ఉండెను. లచ్చు పటేలు నీడలో నెమ్మదిగా బ్రతకటం ఒకటి. తన పొలం తాను చేసికొనటం రెండవది. భీము రెండవదే ఎంచుకొన్నాడు. ధనోరా సర్కారు అడవిలో బాబెఝరి వద్ద బంధువులతో కలిసి మళ్ళీ అడవి కొట్టినాడు. సుర్దాపూరులో జరిగినదే మళ్ళీ జరిగినది. ఈసారి వచ్చినవారు జంగ్లాతు అధికారులు. ఇది సర్కారు అడవి గనుక ఇండ్లు ఎత్తివేయాలని ఆజ్ఞ. ముడుపు పుచ్చుకొన్నన్నాళ్ళు ఊరుకొనటం, ఆశ పెరిగినప్పుడు తరిమివేయటం ఆ అడవిలో వాడుక. గుడిసెలకు నిప్పు పెట్టినారు. పండిన చేలు పాడుచేసినారు.

ఇక్కడ భీము చేసిన పని విద్యార్థులు ప్రత్యేకంగా గమనించదగినది. అతడు వెంటనే తుపాకి పట్టలేదు. హైదరాబాదుకు పోయినాడు. కొండకోనల నుండి రాజధానికి పోయి, తమకు అక్కడ ఉండి దున్నుకొనే అనుమతి ఇవ్వవలసినదని విన్నవించుకొన్నాడు. ఇరవై ఏండ్ల వయసులో కాగితాన్ని చూచి కర్ర ఎత్తినవాడు, నడివయసులో కాగితం పట్టుకొని న్యాయం అడగబోయినాడు. అక్షరం నేర్చిన ఫలమది. కాని నిజాము దర్శనం అతనికి దొరకలేదని గోండులు చెప్పుతారు. పైవారు దయతలచి ఇచ్చిన మాట కూడా క్రిందివారి చేతులలో పడి నెరవేరలేదు. రాజధానిలోని ఆజ్ఞకు, అడవిలోని చౌకీదారు కత్తికి నడుమ ఉన్న దూరం ఏ అర్జీ వలనా తీరలేదు.

జోడెఘాటు

తిరిగి వచ్చిన భీము జోడెఘాటు కొండను ఆశ్రయించినాడు. జోడెఘాటు, బాబెఝరి, పట్నాపూరు మొదలైన పన్నెండు గూడేల గోండులు, కొలాములు అతని వెంట నిలిచినారు. కొమురం సూరు, వెడ్మ రాము అతనికి కుడి ఎడమల నిలిచినవారు. వారి వద్ద నాటు తుపాకులు, విల్లంబులు, గొడ్డళ్ళు, ఒడిసెలలు తప్ప వేరే లేవు. నేలను ఆక్రమించిన భూస్వాములను తరిమినారు. జంగ్లాతు వారిని గూడేలలోకి రానీయలేదు. నీరు, అడవి, నేల తమవేనన్న భావమే జల్, జంగల్, జమీన్ అనే నినాదంగా ఆ పోరాటంతో ముడిపడి నిలిచినది.

కలత ముదరకుండా చూడాలని అధికారులు రాయబారం నడిపినారు. పన్నెండు గూడేల వారికి పట్టాలు ఇస్తామని, వారు పోరు విడిచిపెట్టాలని ఆ రాయబారం సారమని చెప్పుతారు. ఒకనాడు ఒక్క పట్టా లేక ఇల్లు చెడిన మనిషికి, అడగకుండానే పట్టాలు ఎదురువచ్చినవి. భీము ఒప్పుకోలేదు. తన గూడేలపై తమ పెత్తనం తమకే కావాలని అడిగినాడట. మొండితనమని అప్పుడూ అన్నవారున్నారు, ఇప్పుడూ అనేవారుంటారు. కాని అతని జీవితం చూచినవారికి ఆ నిరాకరణ అర్థం కాకపోదు. పట్టా ఇచ్చిన చెయ్యి మరునాడు దానిని తిరిగి తీసికోవచ్చును; నెంబరు మార్చవచ్చును; దానిని మరొకని పేర వ్రాయవచ్చును. ఆ చెయ్యి ఎవరిది అన్నదే అతడు పట్టుబట్టిన ప్రశ్న. అంతకు తక్కువకు ఒప్పుకొని ఉంటే అతడు బ్రతికి ఉండేవాడేమో. అతని వెంట నిలిచినవారు కొందరు కూడా బ్రతికి ఉండేవారేమో. ఆ భారం అతని నిర్ణయంలో ఉన్నదని చెప్పటం అతనిని చిన్నచేయటం కాదు.

1940లో సాయుధులైన పోలీసులు కొండ ఎక్కినారు. రహస్యమార్గం చూపినవాడు తమవారిలో ఒకడేనని గోండులు నేటికీ బాధతో చెప్పుకొంటారు. తుపాకుల కాల్పులలో భీము, అతని వెంట ఉన్నవారు పలువురు నేలకొరిగినారు. ఆశ్వయుజ పౌర్ణమి నాటి సంఘటన ఇది. గోండులు భీము వర్ధంతిని తేదీని బట్టి కాక తిథిని బట్టి, ఏటా ఆ పున్నమి నాడే, జోడెఘాటులో జరుపుతారు. సర్కారు లెక్కకు లొంగని మనిషిని వారు చంద్రుని లెక్కలో నిలుపుకొన్నారు.

తరువాత వచ్చిన కాగితాలు

భీము మరణం నైజాము ప్రభుత్వాన్ని కలవరపెట్టినది. అడవిలో ఇంత కలత ఎందుకు పుట్టినదో తెలిసికోవలసిన అవసరం కలిగినది. ఆ సమయానికి వియన్నా నగరానికి చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ హైదరాబాదులో ఉన్నాడు. 1939లో యుద్ధం రావటంతో, జర్మను పాస్‌పోర్టు ఉన్నందున, అతనికి ఇంగ్లీషువారి సీమలో స్వేచ్ఛగా తిరిగే వీలు లేకపోయినది. నైజాము ప్రభుత్వం తన రాజ్యంలో పరిశోధనకు అనుమతించినది. అతడు మొదట నల్లమల చెంచుల మధ్య, తరువాత గోదావరి ఒడ్డున పాపికొండల రెడ్ల మధ్య నివసించి గ్రంథాలు వ్రాసినాడు. ఆ వెనుక ఆదిలాబాదు గోండుల వద్దకు వచ్చి, మార్లవాయి గూడెంలో గుడిసె వేసికొని కాపురమున్నాడు. భార్య బెట్టీ కూడా ఆయనతో పాటు ఆ గూడెంలోనే ఉండినది.

అతని నివేదికలు చెప్పిన విషయం ఒక్కటే: కలతకు మూలం నేల పోవటం. బీడు విడిచిన పొలాలు ఎట్లా సర్కారువి అయినవో, ఊళ్ళు ఎట్లా తగులబడినవో, బయటివారి పేర పట్టాలు ఎట్లా పుట్టినవో అవి వివరించినవి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులను తయారుచేసే పాఠశాల వెలసినది. నాగరి లిపిలో గోండి వాచకాలు అచ్చయినవి. సేతుమాధవరావు పగడి వంటి అధికారులు గోండి నేర్చుకొని గోండులతో వారి భాషలోనే మాట్లాడినారు. గోండులకు, కొలాములకు లక్ష ఎకరాలకు పైగా భూమి పట్టా అయినది. 1946లో గిరిజన ప్రాంతాల నిబంధన వచ్చినది. భీము బ్రతికి ఉండగా ఒక్క కుటుంబానికి దొరకని కాగితం, అతడు పోయిన ఆరేడేండ్లలో వేల కుటుంబాలకు దొరికినది.

కథ ఇక్కడ సుఖాంతమైనదని అనుకోరాదు. ఆంధ్రప్రదేశంలో గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా 1959లో వచ్చిన నిబంధన 1963లో తెలంగాణానికి వర్తించినది. 1970లో దానిని మరింత గట్టి చేసినారు. చట్టం గట్టిపడినకొద్దీ దానిని దాటే దారులు కూడా పెరిగినవి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం, అడవి హక్కుల కోసం కూడిన గోండులపై కాల్పులు జరిగినవి, పలువురు మరణించినారు. జోడెఘాటుకు నలుబది ఏండ్ల తరువాత, దానికి దగ్గరలోనే, అదే ప్రశ్న మళ్ళీ లేచినది.

ఆ తరువాతనే భీము పేరు అడవి దాటి తెలుగునాడంతటా వినవచ్చినది. సాహు, అల్లం రాజయ్య కలిసి గోండుల నోటి కథలను సేకరించి అతనిపై నవల వ్రాసినారు. అల్లాణి శ్రీధర్ చలనచిత్రం తీసినాడు. 2022లో వచ్చిన ఆర్ ఆర్ ఆర్ చిత్రం అతనినీ, అల్లూరినీ మిత్రులుగా కల్పించి ప్రపంచమంతటికీ చూపినది. కల్పనకు దాని స్వేచ్ఛ దానికి ఉన్నది. కాని తరగతిలో భీము పాఠం చెప్పే ఉపాధ్యాయుడు ఆ వెండితెర వీరుని ప్రక్కకు పెట్టి, సుర్దాపూరు పొలంలో చదవరాని కాగితం ముందు నిలిచిన యువకుని పిల్లలకు చూపటం మంచిది. వీరుడెట్లా పుట్టినాడో అక్కడే తెలుస్తుంది.

2006లో భారత ప్రభుత్వం అడవిలో నివసించేవారి హక్కులను గుర్తిస్తూ చట్టం చేసినది. దాని అమలుకు 2008లో నియమాలు వచ్చినవి. భూమిపై హక్కు కోరేవారు ఏ ఏ సాక్ష్యాలు చూపవచ్చునో ఆ నియమాలలో ఒక పట్టిక ఉన్నది. సర్కారు దస్తావేజులు అందులో ఉన్నవి. వాటితో పాటు చదును చేసిన నేల, వేసిన గట్లు, పాత బావులు, శ్మశానాలు, దేవతల స్థలాలు, ఊరి పెద్దలు చెప్పిన మాట కూడా సాక్ష్యాలుగా చేరినవి. కొట్టిన చెట్టు, ఏరిన రాయి, వేసిన గట్టు, చూచిన పెద్దల మాట తప్ప భీము ఇంటివారి వద్ద ఆనాడు వేరే సాక్ష్యం లేదు. అవి చెల్లుతవని చట్టంలో వ్రాయటానికి సుర్దాపూరు నూర్పిడి నాటి నుండి సుమారు ఎనుబది ఎనిమిదేండ్లు పట్టినది.